మోగడం తేలికే

2015 ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే. అర్ధరాత్రి దాటి 21 నిమిషాలైంది. లండన్‌లో నగల వ్యాపారానికి పేరుపడ్డ హాటన్ గార్డెన్ వీధిలో, ఒక సేఫ్ డిపాజిట్ భవనంలో అలారం మోగిందని పోలీసులకు కబురందింది. ఆ కబురుకు అక్కడ వేసిన గ్రేడు ప్రకారం మనిషిని పంపనక్కర్లేదు. పంపలేదు. ఒక సెక్యూరిటీ గార్డు మాత్రం వచ్చి, బయటి నుంచే తొంగిచూసి, తలుపులు వేసే ఉన్నాయని తేల్చాడు. అదే సమయంలో నేలమాళిగలో కొందరు దొంగలు, చాలామంది అరవై పైబడినవాళ్లే, 50 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు గోడకు డ్రిల్లుతో కన్నం వేస్తున్నారు. ఈస్టర్ సెలవులు ముగిసి మంగళవారం భవనం తెరిచేదాకా సంగతి బయటపడలేదు. పోయిన సొత్తు దాదాపు 1.4 కోట్ల పౌండ్లని తర్వాత లెక్క తేల్చారు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మన సామెత. హాటన్ గార్డెన్‌లో కుక్క వేళకే మొరిగింది. ముసుగు తీసి లేచినవాడే లేడు.

దొంగ అలారం పుట్టి నూట డెబ్బై ఏళ్లు దాటింది. దొంగను చూసి గంట కొట్టడమనే పని మొదటి పదేళ్లలోనే దాదాపు కుదిరిపోయింది. ఆ తర్వాత పడిన తంటాలన్నీ వేరే రెండు విషయాల కోసం: దొంగ లేనప్పుడు మోగకుండా ఉండటం, మోగాక ఎవరో ఒకరు వచ్చేలా చూడటం. పెద్ద భవనాల్లో ఈ రెండూ ఎందుకంత కష్టమో చెప్పాలంటే ముందు ఒక చర్చి బోధకుడి దగ్గరికి వెళ్లాలి.

అమెరికాలో బోస్టన్ పక్కనున్న సోమర్‌విల్‌లో ఆగస్టస్ రసెల్ పోప్ అనే బోధకుడు ఉండేవాడు. 1853 జూన్ 21న ఆయనకు విద్యుదయస్కాంత అలారంపై పేటెంటు వచ్చింది. తలుపులకు, కిటికీలకు లోహపు స్పర్శలు అమర్చి తీగలతో బ్యాటరీకి కలిపాడు. తలుపు తెరుచుకోగానే రెండు లోహాలు తాకి విద్యుత్తు పారుతుంది, అయస్కాంతం సుత్తిని లాగుతుంది, గంట మోగుతుంది. ఆయన బుర్ర బాగా పనిచేసిన చోటు ఇంకొకటుంది. కంగారుపడ్డ దొంగ తలుపు మళ్లీ మూసేసినా గంట ఆగకుండా విడిగా ఒక స్ప్రింగు ఏర్పాటు చేశాడు. ఇవాళ సెన్సర్ల తీగలన్నీ చేరే ప్యానెళ్లలోనూ అలారం ఒకసారి పట్టుకున్నాక కోడు నొక్కేదాకా వదలదు. ఆ పట్టు పోప్‌దే.

పోప్ ఎక్కువ కాలం బతకలేదు, 1858లో చనిపోయాడు. అంతకు ఏడాది ముందే ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ హక్కులు కొనుక్కున్నాడు. 1859లో దుకాణం న్యూయార్క్‌కు మార్చాడు. దొంగలెక్కువ ఉన్న ఊళ్లో గిరాకీ ఎక్కువ ఉంటుందన్నది ఆయన లెక్క, అది తప్పలేదు. కొన్నాళ్లకు ఇళ్ల నుంచి, బ్యాంకుల నుంచి తీగలు లాగి అన్నింటినీ ఒకే ఆఫీసుకు చేర్చాడు. రాత్రంతా అక్కడ మనుషులు కూర్చుని ఏ తీగ పలుకుతుందో వినేవారు. ఇవాళ మనం మానిటరింగ్ సెంటర్ అంటున్నది ఇదే. 1877లో బోస్టన్‌లో ఇంకో చిత్రం జరిగింది. గ్రాహం బెల్ టెలిఫోను అప్పుడే కొత్తగా వచ్చింది. హోమ్స్ అలారం తీగల చివర టెలిఫోన్లు తగిలించారు. పగలు మాటలు, రాత్రి కాపలా. తొలి టెలిఫోన్ స్విచ్‌బోర్డుల్లో ఒకటి అలా దొంగల భయం కోసం వేసిన తీగల మీద నడిచింది. తర్వాత వందేళ్లు అలారాలు టెలిఫోను తీగ మీద వెళ్లడం మనకు తెలుసు గానీ, ముందు వెళ్లింది టెలిఫోనే, అలారం తీగ మీద.

పోప్ పద్ధతిలో ఒక పెద్ద లోపముంది. తీగ తెంపితే గంట చచ్చిపోతుంది. బ్యాటరీ అయిపోయినా అంతే, ఇంటాయనకు తెలియదు. దొంగ రానందువల్ల నిశ్శబ్దమా, తీగ తెగినందువల్లా అన్నది చెప్పే దిక్కు లేదు.

మన ఊళ్లలో రాత్రిపూట తిరిగే గూర్ఖాను గుర్తుచేసుకోండి. కర్ర టక్కుమనిపిస్తూ, విజిల్ ఊదుతూ వెళ్తాడు. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపు పడుకుంటాం. వినిపించాల్సిన వేళకు వినిపించకపోతేనే ఎవరో ఒకరు బాల్కనీలోకి వస్తారు. అలారం ఇంజనీర్లు సర్క్యూటును సరిగ్గా ఇలాగే తిరగేశారు. తీగలో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఆగితే గంట. తలుపు తెరిచినా, తీగ తెంపినా, బ్యాటరీ పోయినా ఒకటే ఫలితం.

దొంగలూ చదువుకున్నవాళ్లే. తీగ తెంపితే మోగుతుందా, అయితే తెంపకుండా రెండు తీగల్నీ కలిపేద్దాం అన్నారు. కరెంటు దగ్గరిదారిన తిరిగి వెళ్లిపోతుంది, సెన్సర్ ఏమైనా ప్యానెల్‌కు తెలియదు. దీనికి విరుగుడు రూపాయి విలువైన వస్తువు, రెసిస్టరు. తీగ చివర, సెన్సర్ లోపల, రెండు రెసిస్టర్లు పెడతారు. ఒక్కోటి 1,000 ఓంలు అనుకోండి. అంతా బాగున్నప్పుడు ప్యానెల్‌కు 1,000 కనిపిస్తుంది. సెన్సర్ మనిషిని పట్టుకుంటే 2,000. తీగ తెగితే అనంతం, కలిపేస్తే సున్నా. ఒక జత తీగల మీద నాలుగు మాటలు! ఈ వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. హంగు లేదు, చిప్పు లేదు, ఓం సూత్రం తప్ప.

అయితే ఈ రెసిస్టర్లు సెన్సర్ దగ్గరే ఉండాలి. నిచ్చెనెక్కి ఎనభై సెన్సర్లు విప్పి పెట్టడం విసుగు గనుక, బద్ధకస్తుడైన టెక్నీషియన్ అన్నింటినీ ప్యానెల్ పెట్టెలోనే బిగించేసి వెళ్తాడు. పరీక్షలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. దారిలో ఎవరు రెండు తీగలు కలిపేసినా ప్యానెల్‌కు ఎప్పట్లాగే 1,000 కనిపిస్తుంది. కొత్త అలారం పెట్టించుకున్నవారు ఏదో ఒక సెన్సర్ మూత తెరిపించి, లోపల ఆ చిన్న చారల రెసిస్టర్లు ఉన్నాయో లేవో చూడటం మంచిది.

ఇక సెన్సర్లు. తలుపులకు వాడే మాగ్నెటిక్ కాంటాక్ట్ పుట్టింది టెలిఫోన్ల కోసమే. 1936లో బెల్ లేబరేటరీస్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ చేసిన రీడ్ స్విచ్ అది. సన్నని గాజుగొట్టంలో రెండు లోహపు రేకులు, దగ్గరికి అయస్కాంతం వస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. తలుపుకు అయస్కాంతం, ద్వారబంధానికి గొట్టం. తుప్పు పట్టదు, దుమ్ము దూరదు.

కానీ దొంగ తలుపు గుండానే రావాలని రూలు లేదు. మృచ్ఛకటికంలో శర్విలకుడు ఇటుకగోడకు ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచించి, కొలతాడు మరిచిపోతే జంధ్యంతో కొలుస్తాడు. హాటన్ గార్డెన్ వాళ్లూ గోడనే ఎంచుకున్నారు. అందుకని స్ట్రాంగ్ రూం గోడలకు డ్రిల్లు, సుత్తి ప్రకంపనలు పట్టే సెన్సర్లు వచ్చాయి. గదిలో కదలికను పట్టేందుకు ముందు అల్ట్రాసౌండ్, తర్వాత మైక్రోవేవ్, ఆపైన ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే పీఐఆర్.

పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) ఏమీ పంపదు, కేవలం చూస్తుంది. మన చర్మం వేడి 33 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంత వేడి ఉన్న వస్తువు నుంచి వెలువడే పరారుణ కిరణాలు 9, 10 మైక్రోమీటర్ల దగ్గర బలంగా ఉంటాయి. వాటిని పట్టే స్ఫటికం ముక్కలు లోపల రెండుంటాయి, ఒకదానికొకటి ఎదురుగా కలిపి. గదంతా ఒకేసారి వేడెక్కితే రెండూ ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. ముందున్న పాలరంగు ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర పుల్లల్లా చీలుస్తుంది. మనిషి ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు దాటినప్పుడు ముందొక ముక్క, తర్వాత రెండో ముక్క వేడెక్కి సంకేతం పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే ఇది అడ్డంగా నడిచేవాణ్ని ఇట్టే పడుతుంది, నిటారుగా తనవైపే వచ్చేవాణ్ని ఆలస్యంగా పడుతుంది. గుమ్మానికి ఎదురుగోడ మీద కాకుండా పక్కగోడ మూలన బిగించడం వెనక కారణం ఇదే.

దీనికి తెలుగు నేల మీద ఒక ప్రత్యేక కష్టముంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ కట్టేసిన పైఅంతస్తు గది రాత్రి కూడా 34, 35 డిగ్రీల మీదే ఉంటుంది. గోడ వేడి, మనిషి వేడి ఒకటే. చల్లని దేశాల్లో కాగడాలా వెలిగే మనిషి ఇక్కడ గోడలో కలిసిపోతాడు. గది ఉష్ణోగ్రత శరీరానికి దగ్గరవుతున్నకొద్దీ సెన్సర్ తన చురుకుదనం పెంచుకునే ఏర్పాటు మంచి రకాల్లో ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అది. చవకది వేసవిలో గుడ్డిది.

సెన్సర్‌ను గుడ్డిది చేయడం దొంగలకూ తెలుసు. 2003 ఫిబ్రవరిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ వజ్రాల కేంద్రం ఖజానాను దోచినవాళ్లు వేడిని పట్టే సెన్సర్ మీద ముందే హెయిర్ స్ప్రే కొట్టారని దర్యాప్తులో తేలినట్టు చెబుతారు. పలుచని ఆ పూత కంటికి కనిపించదు, పరారుణాన్ని మాత్రం ఆపేస్తుంది. పెద్ద భవనాలకు వాడే సెన్సర్లలో, తన ముఖానికి ఎవరో ముసుగేశారని గుర్తించి ఫిర్యాదు చేసే ఏర్పాటు అందుకే పెడుతున్నారు.

ఇంక వైరింగు, ప్రోగ్రామింగు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఐదంతస్తుల బట్టల షోరూం ఒకటి అనుకుందాం. నాలుగు అంతస్తుల్లో అమ్మకాలు, ఐదో అంతస్తులో గోదాము, క్యాష్ రూం. ఎనభై పీఐఆర్‌లు పడతాయి. ఒక్కోటి 12 మిల్లీఆంపియర్లు తీసుకుంటే మొత్తం దాదాపు ఒక ఆంపియరు. కీప్యాడ్లు, మిగతా బోర్డులు కలిపి ఒకటిన్నర. ప్యానెల్ పెట్టెలో మామూలుగా ఉండే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ దీన్ని కాగితం మీద నాలుగు గంటల నలభై నిమిషాలు మోస్తుంది. నిజానికి ఇంకా తక్కువే. కరెంటు పోయిన రాత్రి, ఉదయానికి ముందే అలారం కన్నుమూస్తుంది. కాబట్టి ప్రతి అంతస్తుకూ విడిగా పవర్ సప్లై, దానికో బ్యాటరీ ఉండాలి.

అలా కాకుండా కింద ప్యానెల్ నుంచే పైదాకా సన్నని కేబుల్ లాగితే ఏమవుతుందో చూడండి. అలారం కేబుల్లో ఒక్కో తీగ అడ్డుకోత వైశాల్యం 0.22 చదరపు మిల్లీమీటర్లు. అంత సన్నని రాగి 100 మీటర్లకు దాదాపు 8 ఓంల నిరోధం చూపిస్తుంది, పోనూ రానూ 16. ఆ చివర పాతిక సెన్సర్లు 300 మిల్లీఆంపియర్లు లాగితే దారిలోనే 4.8 వోల్టులు ఆవిరవుతాయి. బయల్దేరిన 13.8 వోల్టులు చివరికి 9గా చేరతాయి. కరెంటు పోయి బ్యాటరీ 12కు దిగితే చివర మిగిలేది 7. సెన్సర్లు మతి తప్పి ఒకదాని తర్వాత ఒకటి అలారం కొడతాయి. యజమాని చెప్పేదేమో, "కరెంటు పోయినప్పుడల్లా దెయ్యం పట్టినట్టు మోగుతోందండీ" అని. దెయ్యం రాగితీగలో ఉంది.

ప్రతి సెన్సర్ నుంచీ కింది ప్యానెల్‌కు తీగ లాగితే ఏనుగు తొండమంత కట్ట అవుతుంది. అందుకని అంతస్తుకొకటో రెండో ఎక్స్‌పాండర్ బోర్డులు పెట్టి, దగ్గరి సెన్సర్లను వాటికి కలిపి, బోర్డులన్నింటినీ ఒకే జత తీగతో ప్యానెల్‌కు చేరుస్తారు. ఆ జత మీద చాలా ప్యానెళ్లు మాట్లాడే పద్ధతి 1983లో ప్రమాణంగా వచ్చిన ఆర్ఎస్-485. నెమ్మది వేగంలో 1,200 మీటర్ల దాకా వెళ్తుంది. షరతు ఒకటే: పూలదండ గుచ్చినట్టు బోర్డు నుంచి బోర్డుకు వెళ్లాలి, చెట్టుకొమ్మల్లా చీలకూడదు. చీలిన చోట సంకేతం ప్రతిధ్వనించి వెనక్కి తిరుగుతుంది. ఏ బోర్డుకు ఏ నంబరిచ్చారో, ఏ సెన్సర్ ఎక్కడుందో కాగితం మీద రాసి ప్యానెల్ మూత వెనక అంటించాలి. రెండేళ్ల తర్వాత వచ్చే ఇంకో టెక్నీషియన్‌కు దానికన్నా పెద్ద ఉపకారం లేదు.

ప్రోగ్రామింగ్ అంటే కంప్యూటరు విద్య అనుకుని చాలామంది భయపడతారు. అది భవనం అలవాట్లను యంత్రానికి నేర్పడం. ప్రతి జోన్‌కూ, అంటే ప్యానెల్ విడిగా గుర్తించే ప్రతి సెన్సర్‌కూ లేదా సెన్సర్ల గుంపుకూ, ఒక స్వభావం చెప్పాలి. ముందు షట్టరు తెరిస్తే వెంటనే మోగకూడదు, లోపలికి వచ్చి కోడు నొక్కేందుకు ముప్పై సెకన్లు ఇవ్వాలి. యూరప్ ప్రమాణం ఈ గడువును 45 సెకన్లు దాటనివ్వదు. కీప్యాడ్‌కు వెళ్లే దారిలోని సెన్సర్, షట్టరు ముందు తెరుచుకుంటే ఓపిక పట్టాలి, తెరుచుకోకుండానే మనిషి కనిపిస్తే తక్షణం మోగాలి. వెనక కిటికీకి గడువే ఉండదు. క్యాష్ రూం గోడ సెన్సర్, కౌంటర్ కింద పానిక్ స్విచ్, పెట్టెల మూతలు 24 గంటలూ మెలకువగానే ఉండాలి. పానిక్ స్విచ్ నొక్కితే షోరూంలో హూటర్ మోగకూడదు, కబురు గుట్టుగా బయటికి పోవాలి. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డవాడి చెవిలో హూటర్ మోగితే ఏం చేస్తాడో ఎవరికి తెలుసు?

తర్వాత భవనాన్ని భాగాలుగా విడగొట్టాలి. సంక్రాంతికి ముందు సరుకు అర్ధరాత్రి దిగుతుంది. అప్పుడు గోదాము అలారం మాత్రమే తీయాలి, కింది అంతస్తులు కాపలాలోనే ఉండాలి. ఊడ్చే ఆమె కోడు ఉదయం ఎనిమిది నుంచి పది దాకా, అమ్మకాల అంతస్తులకు మాత్రమే పనిచేయాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ప్యానెల్ లోపల ఎవరి కోడుతో ఏ నిమిషాన ఏది తీశారో వరసగా రాసుకునే చిట్టా ఉంటుంది. మనిషికొక కోడు ఇస్తేనే ఆ చిట్టాకు విలువ. అందరూ ఒకే నాలుగంకెలు వాడితే ఈశ్వరుడి పరిస్థితే ప్యానెల్‌దీ. మెడ మీద కత్తి పెట్టి తీయమన్నప్పుడు వాడే బెదిరింపు కోడు కూడా ఒకటుంటుంది. కొడితే అలారం ఆగినట్టే కనిపిస్తుంది, లోపల నుంచి కబురు వెళ్తుంది. ఇన్ని చేసి, ఫ్యాక్టరీలో పెట్టిన ఇన్‌స్టాలర్ కోడును మార్చకుండా వదిలేసేవారు ఎందరో. ఆ అంకెలు మాన్యువల్లో అచ్చయి ఉంటాయి.

చివర్లో వాక్ టెస్ట్. ఒకరు భవనమంతా నడవాలి, ఒకరు కీప్యాడ్ దగ్గర నిలబడి ఏ జోన్ పలికిందో చూడాలి. ఒకసారి మామూలుగా, ఒకసారి దొంగలా మెల్లగా, గోడవారగా.

ఈ పనులన్నీ సరిగ్గా చేసినా తప్పుడు మోత తప్పదు. కటకం మీద పాకే బల్లి దాని కంటికి ఏనుగంత. పీఐఆర్‌కు గాజు అవతల ఏమీ కనిపించదు, మైక్రోవేవ్‌కు గాజే కనిపించదు, కాబట్టి అది వీధిలో పోయే ఆటోను కూడా దొంగే అంటుంది. ఆషాఢం తగ్గింపు ధరలని కప్పుకు వేలాడదీసిన బ్యానరు ఏసీ గాలికి ఊగితే సగం రాత్రి నిద్ర ఉండదు. అమెరికా న్యాయశాఖ పోలీసుల కోసం ప్రచురించిన ఒక మార్గదర్శి ప్రకారం అక్కడ పోలీసులకు వచ్చే దొంగ అలారాల్లో 94 నుంచి 98 శాతం ఉత్తవే. నాన్నా పులి కథ ఇది, కొడుకు తప్పు లేకుండానే. పీఐఆర్‌నూ మైక్రోవేవ్‌నూ ఒకే డబ్బాలో పెట్టి, రెండూ ఒప్పుకుంటేనే మోగమనడం దీనికొక మందు. బల్లి వల్ల ఒకటి మోసపోయినా, రెండోది పోదు. బ్రిటన్‌లో ఇంకో అడుగు వేశారు. విడివిడిగా ఉన్న రెండు సెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి పలికితేనే నిర్ధారిత అలారం, దానికే పోలీసులు కదులుతారు. ఒంటరి కేక మీద నమ్మకం సన్నగిల్లిన అలాంటి దేశంలోనే హాటన్ గార్డెన్ జరిగింది.

మన దగ్గర కాపలా అంతకంతకూ కెమెరాల వైపు పోతోంది. ఇంటి కాపలాకు కెమెరాను కలిపి పేటెంటు తీసుకున్నది న్యూయార్క్ నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, 1969లో. ఆమె తన ఏర్పాటులో కెమెరాతో పాటు, సాయం పిలిచే ఒక మీట కూడా పెట్టింది. మనం కెమెరా ఉంచుకుని మీట మరిచిపోయాం. 2018 సెప్టెంబరు 2 రాత్రి హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం మ్యూజియంలోకి ఇద్దరు వెంటిలేటర్ తొలగించి తాడుతో దిగారు. రత్నాలు పొదిగిన మూడరల బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. కెమెరాను ముందే పక్కకు తిప్పారు. సిబ్బందికి సంగతి తెలిసింది మర్నాడు ఉదయం. పోలీసులు వారం పైన తిరిగి దొంగల్నీ సొత్తునూ పట్టుకున్నారు, అది అదృష్టం. కెమెరా గుర్తుపెట్టుకుంటుంది, పిలవదు. చూపు తిప్పేస్తే గుర్తూ పెట్టుకోదు.

మీ ఆఫీసులోనో, గోదాములోనో, మీ పిల్లలు చదివే కాలేజీలోనో అలారం ఉంటే ఒక్క పని చేయండి. ప్యానెల్ మూత తెరిపించి బ్యాటరీ మీద రాసిన తేదీ చదవండి. లోపలుండే సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల్లో మూడు నుంచి ఐదేళ్లు ఆయుష్షు. పది డిగ్రీలు పెరిగితే అది సుమారు సగమవుతుంది. మన ప్యానెళ్లు చాలావరకు గాలి ఆడని మెట్ల కింద ఉంటాయి. తేదీ రెండేళ్లు దాటి ఉంటే, మెయిన్ ఆపి గంటసేపు అలారం నిలబడుతుందో లేదో ఈ ఆదివారమే చూడండి.